దవడపంటి మీద లైటు

మా ఆయన బద్రీనాథ్‌కు మిర్యాలగూడలో వడ్ల మిల్లుంది. వడ్లలో తేమ కొలిచే మిషన్ ఆయనకు దేవుడితో సమానం. రైతు ఎండలో ఎంత ఆరబోసి తెచ్చినా సరే, గుప్పెడు గింజలు అందులో పోసి, "తేమ ఎక్కువున్నదని నేనంటలేనయ్యా, మిషన్ అంటున్నది" అని ధర కోసేస్తారు.

అలాంటి మనిషిని, నా తమ్ముడి కూతురు అక్షిత కొత్తగా పెట్టిన పళ్ల దవాఖానకు తీసుకుపోయాను. ఆ పిల్ల సన్నటి లైటొకటి ఆయన నోట్లో పెట్టింది. తెర మీద దవడపన్ను తళతళలాడింది. మధ్యలో మాత్రం నల్లటి నీడ.

"పైకి మంచిగనే ఉన్నది మామయ్యా. లోపల పుచ్చు మొదలైంది. ఇప్పుడైతే సిమెంటు నింపితే ఆగుతది. నొప్పి లేసేదాక ఆగితే పన్ను దక్కదు."

"నొప్పి లేదు, సలుపు లేదు, పుచ్చేంది? మిషన్‌దేమున్నది బిడ్డా, మనం ఎట్ల తిప్పితే గట్ల జెప్తది. నాకు తెల్వదా?" అన్నారు ఆయన గొప్పగా.

చెంప పట్టుకుని బెంచీ మీద కూర్చున్న దీప్లా అనే నిడమనూరు రైతు ఆ మాటకు తలెత్తాడు. మొన్ననే మా మిల్లులో వడ్లు పోసి, మొహం వేలాడేసుకుని పోయిన మనిషి.

"గట్లనా సేటూ?" అన్నాడు.

మా ఆయన చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఇక ఊరుకుంటారా? పుచ్చు లేదనే డాక్టరు కోసం సూర్యాపేట పోయారు. అక్కడా అలాంటి లైటే, అదే నీడ. చివరికి కోదాడలో దొరికాడు మహానుభావుడు. టార్చి కూడా వేయకుండా, "ముత్యాల్లాంటి పళ్లండీ మీవి, మీకేంటండీ!" అన్నాడు. ఆయనకు శాలువా కప్పాలన్నారు మావారు. తిరుగుదారిలో కారాపించి సకినాలు కొని, ఆ పంటితోనే కరకరా నమిలారు.

వానాకాలం వడ్లు మిల్లుకొచ్చే వేళకు దవడ బూరెలా ఉబ్బింది. మూలుగుతూ మళ్లీ అక్షిత దగ్గరికే వచ్చారు. పన్ను పీకక తప్పలేదు.

దూది కరుచుకునే, ఆ పిల్ల ముందే నాతో అన్నారు: "సూసినవా, నాడు గా లైటు వెట్టినందుకే పుచ్చింది. మంచి పన్నును కాల్చి పెట్టింది. మిల్లు కాడ అందరికి జెప్త."

అక్షిత మొహం మాడిపోయింది. దవాఖాన పెట్టి ఏడాదైనా కాలేదు, ఈయన నోరు పడితే ఇంకెవరొస్తారు? నాకు ఒళ్లు మండింది. ఆయన్ని కుర్చీలోంచి లేపి, నేనెక్కి కూర్చున్నాను.

"ఆ తలుపు బార్లా తెరువు బిడ్డా," అన్నాను, బయట బెంచీల మీది జనానికి వినబడేలా. "నా నోట్ల వెట్టు లైటు. అందరు సూడనీ."