రిబ్బను ముడి

కూతురి చేత ఎన్నిసార్లు మొహం మీద తలుపు వేయించుకున్నా ఆ తల్లికి సిగ్గు లేదు. ఎక్కడుంటుంది, పాపం! మూడేళ్ల మనవరాలిని ఒక్కసారైనా ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు. ఆ పిల్లకీ కూతురికిలాగే వినపడదని తెలిసిన దగ్గర్నుంచి ఆమెకి ముద్ద దిగడం లేదు. అందుకే ఇవాళ ఓ పాత నోటుపుస్తకం చంకన పెట్టుకొచ్చి, కూతురి కుట్టుమిషన్ ముందు కూలబడింది.

"చదువు తల్లీ. మీ బడి టీచరమ్మ రాసిచ్చిందే. 'సైగలు చేస్తే మాట రాదు, చేతులు కట్టేయండి.' డాక్టరూ అదే అన్నాడు. అప్పట్లో అందరిదీ అదే మాటే! నేనేమన్నా సొంత తెలివితో కట్టానా?"

కూతురు పెదవులు చూసి మాట పట్టుకుంటుంది కాబట్టి ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

కూతురు పెడల్ మీంచి కాలు తీసింది. పేజీలన్నీ ఓపిగ్గా చదివింది. ఆ బడిలో ఏళ్ల తరబడి నేర్పిన బొంగురు గొంతుతోనే జవాబిచ్చింది.

"టీచరమ్మని ఏమీ అనను. ఆవిడకి తెలిసింది అంతే. మంచే అనుకుంది."

తల్లికి ప్రాణం లేచొచ్చింది.

"మరి నాకు జ్వరమొచ్చిన రోజు? నా చేతులకి కట్టిన జడ రిబ్బను నువ్వే విప్పావు. బొటనవేలు పెదవికి ఆనించాను. గబగబా నీళ్లు తెచ్చి తాగించావు. నీకు అర్థమైంది. తాగాక మళ్లీ ఎందుకు కట్టావమ్మా?"

"అంత పాత సంగతి నాకేం గుర్తుంటుందే! ఒట్టు, గుర్తులేదు."

అంతలో మనవరాలు లోపలి గదిలోంచి వచ్చింది. కొత్త మనిషిని ఎగాదిగా చూసి, బొటనవేలు పెదవికి ఆనించింది. ముసలావిడ చెయ్యి దానంతటదే పక్కనున్న చెంబు మీదకి పోయింది. గ్లాసులోకి నీళ్లు వంపేసింది కూడా. తను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. చచ్చాన్రా దేవుడా అనుకుంది.

కూతురు ఆ గ్లాసు వైపు చూసి, తల్లి మొహం వైపు తిరిగింది.

"అర్థమైందే తల్లీ," అని బావురుమంది ముసలావిడ. "అప్పుడూ అర్థమైంది. నీ చేతులు మాట్లాడతాయని నాకు తెలుసు. తెలిసే ముడేశాను. మర్నాడు టీచరమ్మ తిడుతుందని భయమేసిందే."

కూతురు లేచింది. నోటుపుస్తకం మూసి తల్లి ఒళ్లో పెట్టింది. ఆమె చేతిలోని గ్లాసు మెల్లగా తీసుకుని, బిడ్డకి తనే తాగించింది.