బ్యాటరీలు ఖాళీ చేసిన అత్తగారు

నేను ఇరవై ఎనిమిదేళ్లు ఒక పెద్ద పార్కులో పనిముట్ల గది చూసుకున్నాను. గడ్డి కోసే మిషన్లు, కంచె మొక్కలు కత్తిరించే మిషన్లు, మందు కొట్టే పంపులు, అన్నీ పెట్రోలు తాగేవే. నా చేతి కింద ఒక్క మిషనూ మొరాయించలేదని కనిపించినవాళ్లకల్లా చెప్పుకునేదాన్ని. ఈమధ్యే చెప్పుకోవడం మానేశాను.

ఆ గదిలో నాది ఒకటే సూత్రం. సీజను అయిపోయి మిషను లోపల పెట్టేటప్పుడు ట్యాంకులో పెట్రోలు చుక్క ఉండకూడదు. ఉన్నది వంచేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి, తుడిచి, గుడ్డ కప్పి పెట్టాలి. నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురుగా మారి లోపలి సన్నని దారులన్నీ మూసేస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి బద్ధకించి రెండు మిషన్లు అలాగే పెట్టేశాను. మళ్లీ సీజనుకి అవి కదిలితే ఒట్టు. పై అధికారి అందరి ముందూ నాకు గడ్డి పెట్టాడు. గడ్డి మిషన్ల మనిషికి గడ్డి పెట్టాడని తోటివాళ్లు చాలాకాలం నవ్వుకున్నారు. అప్పట్నుంచీ ఆ సూత్రం తు.చ. తప్పకుండా పాటించాను, ఆ రెండింటి సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

మా కోడలు వడ్రంగి. గోడకి అల్మరాలు, పుస్తకాల అరలు బిగించడంలో దాని చేతికి తిరుగులేదు. మా వాడు బస్సు డ్రైవరు. మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే రకం. అందుకని ఇంట్లో పనిముట్ల విలువ తెలిసినవాళ్లం మేమిద్దరమే. కోడలి డ్రిల్లు, రంపం, లైటు, అన్నీ బ్యాటరీతో నడిచేవే, అన్నిటికీ ఒకే రకం బ్యాటరీ. అలాంటివి ఎనిమిదున్నాయి. ఒక్కోదాని మీద నాలుగు చిన్న ఆకుపచ్చ లైట్లుంటాయి. పక్కనున్న మీట నొక్కితే లోపల ఎంత చార్జి ఉందో చెబుతాయి.

కడుపుతో ఉన్న ఎనిమిదో నెలలో కోడలు పని ఆపేసింది. ఆ రోజు బ్యాటరీలన్నీ రేకు డబ్బాలో, అడుగున అట్ట వేసి, ఒకదానికొకటి తగలకుండా సర్ది, మూల గదిలో ఎండ పడని అల్మరాలో పెట్టింది. పెట్టి, వాటిని ముట్టుకోవద్దు అత్తయ్యా అని మరీ చెప్పింది. సరేనన్నాను. నాలుగు రోజులు ఆ సరేకి కట్టుబడే ఉన్నాను.

ఐదో రోజు అల్మరా తుడుస్తూ డబ్బా మూత తీశాను. తీశాక మీట నొక్కకుండా ఉండగలనా? రెండు లైట్లు వెలిగాయి. ఇంకోటి నొక్కాను, రెండే. ఎనిమిదింటికీ రెండేసి లైట్లు. అంటే ప్రతి ట్యాంకులోనూ సగం పెట్రోలు. నాకు పాపం అనిపించింది. నెలలు నిండుతున్న మనిషి, ఆయాసం, ఓపిక లేక అలాగే పెట్టేసిందనుకున్నాను. చెబితే చిన్నబుచ్చుకుంటుంది. నేనే కిక్కురుమనకుండా చేసేస్తే పోలా?

చేశాను. రోజుకొక బ్యాటరీ చొప్పున పని లైటుకి తగిలించి, అది దానంతట అది ఆరిపోయేదాకా వెలిగించాను. ఆ వెలుగులో ఊలుతో పుట్టబోయే బిడ్డకి రెండు టోపీలు కూడా అల్లాను. ఆరిపోయిన బ్యాటరీని పొడిగుడ్డతో తుడిచి, కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టాను. ఎనిమిదోదాన్ని లైటుకే వదిలేశాను, చోటు కలిసొస్తుందని. అంతా అయ్యాక కోడలి కోసం ఎంత మంచి పని చేశానో అని నాలో నేనే మురిసిపోయాను.

బుడ్డది పుట్టింది. నెల తిరక్కుండానే కోడలు బ్యాటరీలు ఒకసారి చూసుకుంటానని లేవబోయింది. నేను చూశాను, అన్నీ భేషుగ్గా ఉన్నాయి, నువ్వు పడుకో అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే భేషుగ్గా ఉన్నాయనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోటికి తాళం వెయ్యాలనిపిస్తుంది.

బుడ్డదానికి ఆరో నెల వచ్చాక కాంట్రాక్టరు దగ్గర్నుంచి కబురొచ్చింది. కొత్తగా కట్టిన బడిలో లైబ్రరీ గది, పదహారు అరలు గోడకి బిగించాలి. సోమవారం పిల్లలొస్తారు కాబట్టి శని, ఆదివారాల్లో అయిపోవాలి. ఆ గదికి ఇంకా కరెంటు ఇవ్వలేదు, బ్యాటరీ పనిముట్లతోనే చెయ్యాలి. ఇన్నాళ్లూ కోడలి పనులన్నీ వేరేవాడికి ఇచ్చాననీ, ఈ పని వేళకి చేస్తే మళ్లీ ఆమెకే ఇస్తాననీ, లేకపోతే ఇక ఆ రెండోవాడే ఖాయమనీ కాంట్రాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. కోడలు సరేనంది. ఫోను పెట్టేసి బుడ్డదాన్ని ఎత్తుకుని గదంతా గిర్రున తిరిగింది. అంత సంతోషం దాని మొహంలో చూసి చాలా రోజులైంది.

గురువారం సాయంత్రం కోడలు డబ్బా తీసింది. నేను పక్క గదిలో బుడ్డదాన్ని ఆడిస్తూ, కాగితాల్లో నీటుగా చుట్టి పెట్టింది ఎవరు అని ఎప్పుడడుగుతుందా అని ఎదురుచూస్తున్నాను. అలికిడి లేదు. తొంగిచూస్తే కోడలు నేల మీద చతికిలబడి ఉంది. చుట్టూ ఎనిమిది బ్యాటరీలు. చార్జరు మీద ఎర్ర లైటు టపటపా కొట్టుకుంటోంది. ఒకటి తీసి ఇంకోటి పెట్టింది. మళ్లీ అదే ఎరుపు. ఎనిమిదీ అంతే, చార్జి ఎక్కనంటున్నాయి.

"నావల్ల కాదేమో అత్తయ్యా," అంది నా వైపు చూడకుండానే. "సగం చార్జి ఉంచే పెట్టాననుకున్నా. పెట్టలేదేమో. ఇంట్లో కూర్చుని నా పనే నేను మర్చిపోయినట్టున్నా. కాంట్రాక్టరుకి ఫోన్ చేసి, వేరేవాళ్లని చూసుకోమంటా."

ఫోను చేతిలోనే ఉంది. సగం చార్జి కావాలనే పెట్టిందన్నమాట. నేను నోరు మెదపకపోతే ఎవరికీ ఏమీ తెలియదు, నా ఇరవై ఎనిమిదేళ్ల పేరు నాకు మిగులుతుంది. ఒక నిమిషం, నిజం చెప్పాలంటే రెండు నిమిషాలు, నోరు మూసుకునే ఉన్నాను. ఈలోగా అది కాంట్రాక్టరు నంబరు వెతకడం మొదలుపెట్టింది.

"ఫోన్ పక్కన పెట్టు. వాటిని ఖాళీ చేసింది నేను," అన్నాను.

పెట్రోలు సంగతి, పని లైటు సంగతి, ఊలు టోపీలతో సహా అంతా చెప్పేశాను. కోడలు అరిస్తే బాగుండేది. అరవలేదు. ముట్టుకోవద్దని చెప్పాను కదా అత్తయ్యా అని మాత్రం మెల్లగా అంది. నాకు తల కొట్టేసినట్టయింది. బుడ్డదొకతే మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ నవ్వుతోంది.

కాసేపటికి కోడలు ఫోను కింద పెట్టింది.

"అయితే నేను సరిగ్గానే పెట్టాను," అంది.

"నువ్వు సరిగ్గానే పెట్టావు. తప్పంతా నాది."

అది లేచి నిలబడింది. మొహం కడుక్కొచ్చి, పొద్దున్నే షాపుకి వెళ్దాం, మీరూ రండి అంది. పిలిచిందే చాలనుకున్నాను.

పనిముట్ల షాపాయన శుక్రవారం పొద్దున ఎనిమిదింటినీ మీటరుతో చూశాడు. వీటిని నిలవ ఉంచేటప్పుడు సగం చార్జి ఉండాలనీ, పనిముట్టు నుంచి విడదీసి చల్లని పొడి చోట పెట్టాలనీ, రెండు మూడు నెలలకోసారి చూసి తగ్గితే కాస్త ఎక్కించాలనీ చెప్పాడు. కోడలు చేసింది అచ్చంగా అదే. పక్కన పెట్టినా ఇవి కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటాయట. అసలే ఖాళీ అయినవి ఇంకా దిగితే లోపల పాడైపోతాయట. మరి నిండుగా నింపి పెడితేనో అని అడిగాను. అడక్కుండా ఉండలేను కదా.

"కడుపు మాడ్చుకుని పడుకున్నా, పీకలదాకా తిని పడుకున్నా నిద్ర పాడే కదమ్మా. వీటికీ అంతే," అన్నాడు.

అందులో మూడు మాత్రం హద్దు కాస్తే దాటాయనీ, తన దగ్గరున్న మిషనుతో నెమ్మదిగా ఎక్కించి చూస్తాననీ అన్నాడు. మిగతా ఐదింటికి, లైటుకే వదిలేసినదానితో సహా, బలవంతంగా చార్జి ఎక్కిస్తే అంటుకునే ప్రమాదముందని, వాటి కొసలకి టేపు వేసి, పాత బ్యాటరీలు వేసే పెట్టెలో పడేశాడు. కొత్తవి తెప్పించాలంటే వారం పడుతుందట. వేరే వడ్రంగుల్ని అడుగుదామంటే వాళ్ల బ్యాటరీలు మా డ్రిల్లుకి పట్టవు. సాయంత్రానికి ఆ మూడూ పరీక్షలో నెగ్గి బయటపడ్డాయి. ఎనిమిదింటితో చెయ్యాల్సిన పని మూడింటితో ఎలా అని కోడలు తల పట్టుకుంది. బడి ఎదురుగా ఎవరికో ఒకరికి కరెంటు ఉంటుందిగా, మోసేది నేను అన్నాను.

బడి ఎదురుగా ఉన్నది ఒక సెలూను. శనివారం పొద్దున్నే వెళ్లి, ఆ సెలూను ఆయనకి జరిగిందంతా దాచకుండా చెప్పాను. అత్తలంతా ఇలా ఒప్పుకుంటే ఎంత బాగుంటుందండీ అని నవ్వి, అద్దం కింద రెండు ప్లగ్గులు నాకిచ్చేశాడు. అక్కడ రెండు చార్జర్లు పెట్టాను. ఒక బ్యాటరీ డ్రిల్లులో, రెండు చార్జింగులో. మా వాడికి రెండు రోజులూ డ్యూటీ కాబట్టి బుడ్డది నా ఛాతీకి కట్టిన జోలెలోనే. అయిపోయిన బ్యాటరీ తీసుకుని రోడ్డు దాటడం, నిండినది పట్టుకుని మళ్లీ దాటడం. శనివారం ఒక్కరోజే పందొమ్మిదిసార్లు దాటాను. సెలూనుకి వచ్చినవాళ్లు సగం గడ్డంతో కూర్చుని, నేను వచ్చేవేళకి గడియారం చూసుకునేవారు. బుడ్డది ప్రతి నురగ మొహాన్నీ చూసి కేరింతలు కొట్టేది.

కోడలు ఒక్క చుక్క చార్జి వృథా చెయ్యలేదు. గోడకి రంధ్రాలు మాత్రమే డ్రిల్లుతో వేసి, మరలన్నీ చేత్తోనే బిగించింది. నేను కూడా ఖాళీ దొరికినప్పుడల్లా ఒక స్క్రూడ్రైవరు పట్టుకున్నాను. నేను బిగించిన ప్రతి మరనీ అది మళ్లీ వచ్చి ఒక తిప్పు తిప్పి చూసుకుంది. చూసుకోనీ అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నానికి దాని నడకలో పాత ఊపు వచ్చేసింది. నిచ్చెన మీద నిలబడి, చెవి మీద పెన్సిలుతో, ఏదో కూనిరాగం తీస్తోంది. చూస్తుంటే కళ్లనీళ్లొచ్చాయి. ఈ పిల్లని నా చేజేతులా ఇంట్లో కూర్చోబెట్టబోయాను కదా అని సిగ్గేసింది.

సాయంత్రం ఐదింటికి పదహారో అర బిగిసింది. కాంట్రాక్టరు వచ్చి ఒక్కో అరనీ పట్టుకుని ఊపి చూశాడు. ఆరో అరకి వేలాడినంత పని చేశాడు. ఏదీ కదల్లేదు. పై అంతస్తులో ఇంకో పది గదులున్నాయి, వచ్చే నెల నుంచి మొదలుపెడతావా అని అడిగాడు. కోడలు నోరు తెరిచేలోపే, చంటిపిల్ల ఉంది కదా, కుదురుతుందా అని తనే సందేహపడ్డాడు.

"పిల్లకి నేనున్నాను," అన్నాను. "బ్యాటరీల జోలికి మాత్రం పోను."

కాంట్రాక్టరుకి నా మాట అర్థం కాక కోడలి వైపు చూశాడు. కోడలు నిచ్చెన దిగి, చేతుల దుమ్ము దులుపుకుని, డ్రిల్లులోంచి బ్యాటరీ ఊడదీసింది. దాన్ని నా చేతిలో పెట్టింది.

"పోవాలి అత్తయ్యా. నేను పనిలో ఉంటే వీటిని చూసుకోవడానికి ఇంట్లో మీరు తప్ప ఎవరున్నారు? కాకపోతే ఏం చెయ్యాలన్నా ముందు నన్నడగండి."

"ఇప్పుడే అడుగుతున్నా. దీన్నేం చెయ్యమంటావు?" అన్నాను.

వచ్చే నెలదాకా పని లేదు కాబట్టి సగం ఎక్కించి పెట్టమంది. నేను బుడ్డదాన్ని సర్దుకుని, ఇరవై ఎనిమిదేళ్ల అనుభవాన్ని పక్కన పెట్టి, ఇంకొక్కసారి రోడ్డు దాటి సెలూనుకి వెళ్లాను.