వెనక సీటు పరీక్ష

రేపు నా పెళ్లనగా మా వాకిట్లో రెండు కార్లు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. సిరొంచలో మా సందులోకి ట్రాక్టరొస్తేనే సైకిళ్లు గోడకు అతుక్కోవాలి. అలాంటిది ఈ రెండూ కలిసి దారి మొత్తం మూసేశాయి. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. పెళ్లికూతుర్ని నేను, ఒళ్లంతా పసుపు పూసుకుని అరుగు మీద కూర్చున్నాను, నా వైపు చూసినవాడు ఒక్కడూ లేడు. అందరి కళ్లూ బానెట్ల మీదే. నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పొద్దూ, నా కళ్లూ అక్కడే ఉన్నాయి.

ఎర్రది మా మామ ఐలన్న తెచ్చాడు. మా అమ్మకు తమ్ముడు. హైదరాబాద్‌లో పెళ్లిళ్లకు కార్లు కిరాయికిస్తాడు. తన దగ్గరున్న వాటిలో గొప్పదాన్ని నా కోసం తోలుకొచ్చాడు. దాన్ని మజిల్ కార్ అంటారట. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు. స్టార్ట్ చేస్తే పక్కింటి కోళ్లు దడి దూకి పారిపోయాయి. నల్లది మా కాక కొండయ్యది. బాపుకు తమ్ముడు, నాగపూర్‌లో ఉంటాడు. అది నాలుగు తలుపుల సెడాన్, లోపల మెత్తటి తోలు సీట్లు, బయట అద్దంలాంటి మెరుపు. చూడ్డానికి పెద్దమనిషిలా ఉంటుంది గాని పరుగులో ఎవరికీ తీసిపోదని కాక చెప్పుకుంటాడు.

"బావా, ఆయనకు చెప్పు. పిల్ల నా బండ్లనే అల్లపల్లి మండపానికి పోతది" అన్నాడు మామ, మా బాపు సాంబన్న వైపు చూసి.

"అన్నా, ఆయనకు చెప్పు. గట్ల అర్సే బండ్ల మా పిల్ల ఎక్కది" అన్నాడు కాక, తనూ బాపు వైపే చూసి.

ఇద్దరి మధ్యా నాలుగు అడుగుల దూరం లేదు. అయినా బాపు ద్వారానే మాట. నేను బడిలో ఉన్నప్పటి నుంచీ ఇదే తంతు. అప్పట్లో గోదావరికి వంతెన లేదు. రెండు పడవలు జోడించి, పైన పలకలు పరిచి, బండ్లను అటు నుంచి ఇటు దాటించేవాళ్లు. వీళ్లిద్దరూ కలిసి కొన్న జీపు అలా వస్తూ వస్తూ నడిమి గోదాట్లోకి జారిపోయింది. హ్యాండ్‌బ్రేక్ నువ్వు వెయ్యలేదంటే నువ్వు వెయ్యలేదనుకున్నారు. అంతే, మాటలు బందు.

వాళ్ల కోపం వాళ్లిష్టం, నాకేం? కానీ నా పెళ్లికి వాళ్లిద్దరూ కావాలి. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామే. ఇక అమ్మ పోయింది కాబట్టి కన్యాదానానికి బాపు ఒక్కడూ కూర్చోడానికి లేదు, కాక, చిన్నమ్మ జంటగా పీటల మీద కూర్చోవాలి. నా బండి కాదంటే నేను ఇప్పుడే వాపస్ పోతానని మామ, నేను పోతానని కాక. ఇద్దరూ అన్నంత పనీ చేసే రకమే. మామ అయితే పొద్దుటి నుంచి చాయ్ కూడా ముట్టలేదు. అమ్మ తరఫున నాకు మిగిలింది ఆయనొక్కడే. ఆయన లేని మండపంలోకి ఎట్లా నడిచి వెళ్లడం? భయమేసింది నాకు. భయమేస్తే నాకు కోపమొస్తుంది.

"నేను రెండు బండ్లూ నడిపి చూస్త" అన్నాను లేచి. "ఏది మంచిగుంటే గా బండ్లనే పోత. ఇద్దరూ ఒప్పుకోవాలె."

మా వడ్ల మూటలేసుకుని పికప్ బండిలో చామోర్షి మార్కెట్ దాకా పోయొచ్చేదాన్ని నేనే. బండి విషయంలో మా ఇంట్లో నా మాటకు ఎదురుండదు. ఒక్క మా బాపమ్మ, బాపు తల్లి ముత్తక్క, మాత్రం అడ్డం పడింది.

"పసుపు పెట్టినంక గడప దాటుడేందే?" అని కాసేపు గొణిగి, లోపలికెళ్లి అడకత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది. పెళ్లికూతురి దగ్గర ఇనుము ఉంటే గాలీ ధూళీ సోకవట. "ఇగ పా. నేను గూడ ఎంబడొస్త" అంటూ అందరికంటే ముందు తనే కాక బండెక్కి కూర్చుంది.

ప్రాణహిత నది వైపు తిప్పాను. కాక నా పక్కన, బాపమ్మ వెనక. బండి స్టార్టయిందో లేదో తెలియక ఇంకోసారి మీట నొక్కబోయాను, అంత నెమ్మది. గుంతలు కంటికి కనబడుతున్నాయి గాని నడుముకు తెలియడం లేదు. స్పోర్ట్ అని రాసిన మీట నొక్కాక మాత్రం సీటు నన్ను రెండు పక్కలా గట్టిగా పట్టుకుంది. మలుపులో బండి రోడ్డును వదల్లేదు. ఇంత వేగం ఎప్పుడొచ్చిందా అని ముల్లు చూసి నేనే కాలు తీశాను. వెనక్కి తిరిగి చూస్తే బాపమ్మ నిద్రపోతోంది.

"ఎట్లున్నది?" అన్నాడు కాక.

"మంచిగున్నది కాకా" అన్నాను. అబద్ధం కాదు.

తర్వాత ఎర్రది. ఇప్పుడు మామ పక్కన, బాపమ్మను వెనక్కి ఎక్కించాలంటే ముందు సీటు మడిచి, తల వంచి, కాలొకటి లోపలేసి, పెద్ద ప్రహసనం. ఎనిమిది సిలిండర్లట. కాలు ఆనించానో లేదో వెనక చక్రాలు తోకాడించాయి, నా కడుపు వెనకెక్కడో ఉండిపోయింది. ముక్కు ఎక్కడ అయిపోతుందో కనబడదు. ప్రతి గుంతా వెన్నులో తగిలింది. మలుపంటే కాస్త ఆలోచించుకోవాలి. కాని ఆ చప్పుడు! నేను నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. "ఓ అవ్వా, సచ్చిన్రా!" అని బాపమ్మ వెనక నుంచి కేక పెట్టింది. ఇంటికొచ్చాక దిగమంటే, ఇంకో తిప్పు తిప్పమంది.

గేటు దగ్గర ఇద్దరూ తీర్పు కోసం నిలబడ్డారు. ఊరంతా నిలబడింది. ఏది చెప్పినా ఒకరు బ్యాగు సర్దుకుంటారు. అప్పుడు బాపమ్మ వెనక సీట్లోంచి బయటికి రావడానికి పడుతున్న తిప్పలు చూసి నాకు తట్టింది.

"ఇంకొక్క పరీక్షున్నది. వెనక సీటు. మామా, నీ బండ్ల ఎనక ఇద్దరు పెద్దమనుషులు కూసుంటరా?"

"దర్జాగ కూసుంటరు!" అన్నాడు మామ. చూపించడానికి తనే దూరాడు.

"పిల్లలు గూడ పట్టరు. అబద్ధం" అన్నాడు కాక గాల్లోకి. పట్టరని రుజువు చేయడానికి ఆయనా దూరాడు. బాపమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు వెనక్కి నొక్కి, నేను స్టీరింగ్ ముందు కూర్చుని తలుపేసుకున్నాను. వెనక తలుపులు లేవు. ముందున్నవాళ్లు దిగితే తప్ప వెనకవాళ్లకు విడుదల లేదు. బాపమ్మ దిగే మనిషి కాదు.

అల్లపల్లి రోడ్డెక్కాను. అద్దంలో ఇద్దరి తలలూ పైకప్పుకు తగులుతున్నాయి, మోకాళ్లు గడ్డాల దాకా వచ్చాయి. బామ్ని ఊరు దాటాం.

"అరుణా, ఆయనకు చెప్పు, మోచెయ్యి తియ్యుమని" అన్నాడు చివరికి మామ.

"నేను బండి నడుపుతున్న. నాకు చెప్పొద్దు."

"అత్తమ్మా, జర నువ్వు చెప్పు."

"నాకు ఇనరాదు బిడ్డా" అంది బాపమ్మ. పక్కింట్లో పోపు చిటపటలు కూడా వినే చెవులు ఆమెవి.

టేకు చెట్లు మొదలయ్యాయి. ఒక గుంత నేను చూసి కూడా తప్పించలేదు.

"అబ్బా! కాలు వట్టింది. బావా, జర జరుగు!" అని అరిచాడు మామ.

"యాడికి జరగాలె? డిక్కీలకా?" అని తిరిగి అరిచాడు కాక.

నేను స్టీరింగ్ వదిలి చప్పట్లు కొట్టేదాన్నే. ఇక అక్కడి నుంచి హ్యాండ్‌బ్రేక్ పంచాయితీ మొదలైంది. ఒకరి ముఖం మీద ఒకరు, ఎంగిలి పడేంత దగ్గరగా, ఇన్నేళ్ల తిట్లూ తిట్టుకున్నారు. ఎదురొచ్చిన కలప లారీ డ్రైవర్ మెడ తిప్పి చూశాడు. జిమ్మలగట్ట దగ్గరికొచ్చేసరికి గొంతులు బొంగురుపోయాయి.

"నేను నీళ్లల్ల దుంకింది జీపు కోసం గాదు" అన్నాడు కాక, బాగా తగ్గి. "జీపుతోని నువ్వు గూడ పడ్డవ్, నీకు ఈత రాదని దుంకిన."

"ఎరికే. నీ అంగీ వట్టుకొనే ఒడ్డెక్కిన" అన్నాడు మామ.

"మరి గప్పుడెందుకు మాట్లాడలే?"

"నువ్వు మాట్లాడలే గద!"

బండి పక్కకు ఆపాను. ఇద్దర్నీ చేతులు పట్టి గుంజితే గాని బయటికి రాలేదు. రోడ్డు పక్కన చెరొక చాయ్ తాగుతూ నడుములు పట్టుకుని మూలుగుతుంటే నా తీర్పు చెప్పాను. అల్లపల్లికి నల్లబండి. బాపమ్మ, బాపు, నేను, చీరలు, పూలు, అన్నీ సుఖంగా వెళ్లాలి కాబట్టి. తాళి కట్టాక ఊరేగింపుకు ఎర్రబండి. అందులో ఎలాగూ ఇద్దరికి మించి పట్టరు, నాకూ నా పెళ్లికొడుకు అజయ్‌కుమార్‌కూ ఇద్దరికి మించి అవసరం లేదు. ఇద్దరూ ఒకేసారి తలూపారు. మామ కాక గ్లాసులోంచి సగం చాయ్ ఒంపుకున్నాడు.

మర్నాడు అల్లపల్లి మండపంలో అయ్యగారు "పెళ్లికూతుర్ని తీసుకురండి" అన్నారు. మామ నన్ను గంపలో కూర్చోబెట్టి ఎత్తబోయాడు. సగం లేచి అక్కడే ఆగిపోయాడు. నిన్నటి వెనక సీటుకు నడుము పట్టేసింది. మళ్లీ ప్రయత్నించాడు. ముఖం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికి కాదు. అక్క బిడ్డను మోయలేకపోతున్నానని.

పీటల మీద కూర్చున్న కాక లేచాడు. "కూసున్నంక లేవొద్దు!" అని చిన్నమ్మ కండువా పట్టుకుని లాగుతున్నా, కండువా ఆమె చేతిలోనే వదిలేసి వచ్చేశాడు. గంప రెండో పక్క పట్టాడు.

ఇద్దరూ ఎత్తారు. నేను గాల్లో ఊగుతూ, పెళ్లికూతుర్నన్నది మరచి ఏడ్చేశాను. అమ్మ లేదని ఏడ్చాను, సంతోషానికీ ఏడ్చాను. ఎక్కువ సంతోషానికే. కింద వాళ్లిద్దరూ దారి పొడవునా కొట్లాడుకుంటూనే ఉన్నారు.

"నీ దిక్కు ఒంగింది, జర పైకెత్తు. పైలం బావా, మా అక్క బిడ్డ."

"నాకు చెప్తున్నవా? నా బిడ్డ గాదా?"