సారె రాని కోడలు

హేమంతర్తువు ప్రవేశించి పదిదినములైన గాలేదు. కృష్ణాసాగరసంగమమునకు జేరువనున్న ఉప్పుటేటిగట్టున ప్రాతఃకాలతుషారము పాలమీగడవలె దట్టముగా బరచుకొని మడచెట్లను మరుగుపఱచి జాలరుల పడవలను దూదిలో దాచిన బొమ్మలవలె జేసి నీటికిని నేలకును గల భేదమును తుడిచివైచియుండెను. ఆ మంచుతెరలోనుండి సాలెపాలెపువీథి కొంచెము కొంచెముగా గానవచ్చెను. వీథిపొడవునను పడుగులు సాగదీసి గంజి పట్టించి ఆడువారును మగవారును ఇరుప్రక్కల నిలిచి కుంచెలతో దువ్వుచుండ ఆ శ్వేతతంతుసంతానము తెల్లవారువెలుగులో ఏటికి రెండవ పాయయో యన మెఱయుచుండెను.

ఆ వేళ పడవ దిగి వచ్చిన స్త్రీపేరు ఆగ్నెస్ హాలోవే. నలువదియేండ్ల యవివాహిత. బందరులో బుట్టి బందరులో బెరిగి అచ్చటి బాలికాపాఠశాలలో ఇరువదియేండ్లు తెలుగుపిల్లలకు ఓనమాలు దిద్దించిన యామెకు ఇంగ్లండు పటమునందు జూచిన దేశమేకాని కంట జూచిన దేశము గాదు. తల్లిదండ్రులు గతించిరి. పినతండ్రికుమారుడు తనయొద్దకు రమ్మని వ్రాసెను. నాలుగుదినములలో పొగయోడ బయలుదేరును. పోవుటకుముందు ఆమె తెలిసికొనవలసినది ఒక్కటియే మిగిలియుండెను.

వారి కుటుంబపు బైబిలు మొదటిపుటలో, రెండువందలయేండ్లక్రిందట బట్టలబేరమునకై ఈ తీరమునకు వచ్చి యిల్లు గట్టుకొన్న తొలి యాంగ్లేయులలో నొకడగు తామస్ హాలోవే పేరుండెను. అతనిక్రింద నున్న మఱియొక పేరు నల్లనిసిరాతో అడ్డముగా కొట్టివేయబడియుండెను. బాల్యమున ఆగ్నెస్ ఆ పుటను దీపమున కెదురుగా బట్టి గీతక్రిందినుండి అక్షరములను గూడబలుకుకొనెను. జూడిత్. తామస్ చెల్లెలు. అన్నతోగూడ ఓడ యెక్కి ఆరునెలలు సముద్రముమీద గడపి వచ్చిన కన్య. ఉప్పెనలో కొట్టుకొనిపోయెనని పెద్దలు చెప్పిరి. మునిగిపోయినవారి పేరు ఎవ్వరైన గొట్టివేయుదురా యని ఆ పసిమనస్సు ఆనాడే సంశయించెను.

పెద్దయైన పిదప ఆమె సెలవుదినములలో పాతసమాధులనెల్ల నాచు గోకి చదివెను. అన్నకు రాయి యుండెను. వదినకు రాయి యుండెను. మూడునెలలు బ్రదికిన శిశువునకుసయితము జానెడు రాయి యుండెను. జూడిత్తునకు లేదు. కడపట తండ్రిపెట్టెయడుగున తామసుయొక్క యుత్తరపుముక్క దొరకెను. “ఆమెనుగూర్చి నన్నడుగకుడు. ఉప్పుటేటికవతల పుల్లేటి నరసన్న యను సాలెవానియింట స్వేచ్ఛగా బోయి కాపురమున్నది” అని మాత్రమే అందుండెను.

గంజివాసనతో నిండిన వీథిలో ఆమె నాలుగడుగులు వేసినదో లేదో కుంచె చేతబట్టిన ముసలియామె యొకతె కేక వైచెను.

“ఓ దొరసానమ్మా! ఆ గొడుగు పక్కకి పట్టుకో. నీడపడితే పడుగు ఆరదు. పొద్దెక్కేలోగా ఆరకపోతే నీ గౌను విప్పి నేయాలి మేం!”

వీథియంతయు నవ్వెను. ఆగ్నెస్ గొడుగు ముడిచి పుల్లేటివారి యిల్లెక్కడనని యడిగెను.

“ఆ ఇల్లు నాదే. నా పేరు గున్నమ్మ. రా, అరుగుమీద కూకో. మంచిరోజునే వచ్చావు. మా భావనయ్య వంశం చదువుతున్నాడు.”

భావనయ్య సాలెవారి యిండ్ల వంశములను నోటికి వల్లించు కులపు గాయకుడు. మూడేండ్లకొకమారు వచ్చి ఒక్కొక్క గడపలో మూలపురుషుడు మొదలుకొని ఉయ్యాలలోని పాపవఱకు పేర్లన్నియు బాడి మఱునాడు వేకువనే పైయూరికి బోవును. ఇప్పుడతనికి ఎనుబదియేండ్లు దాటెను. కొడుకు ఉప్పుకొటారులో పనికి కుదిరి ఈ విద్య నేర్వలేదు. ఇతనితో నీ పాట తీరునని యెల్లరును ఎఱుగుదురు.

ముదుసలి కన్నులు మూసి యెత్తుకొనెను. తండ్రిపేరు, కొడుకుపేరు, కోడలు ఏ యింటి యాడుబిడ్డయో ఆ యింటిపేరు, కోడలిపేరు. మగ్గముపై నాడె ఇటునుండి యటు పోయినట్లు ఆ కంఠము తరమునుండి తరమునకు బోవుచుండెను. ఆగ్నెస్ ఊపిరి బిగబట్టి వినుచుండ నరసన్న పేరు వచ్చెను. “నరసన్నకు ఇల్లాలు” అని యతడు ఆగెను. కుడిచేతిని నేలపై బోర్లించి మూడుమారులు మెల్లగా నూపిరి దీసి ఆ యిల్లాలి పేరు చెప్పకయే వారి కొడుకులపేర్లలోనికి సాగిపోయెను.

పాట ముగియువఱకు ఆగ్నెస్ ఎట్లో కూర్చుండి సంచిలోని బైబిలు దీసి కొట్టివేసిన గీతను గున్నమ్మకు జూపెను. “ఈమె మా తామసుయొక్క చెల్లెలు. మా పెద్దలు సిగ్గుచే గొట్టివేసిరి. మీరును సిగ్గుచేతనే కొట్టివేసితిరా?” అను నామె ప్రశ్న బడిలో తప్పు దిద్దు కంఠమున వెడలెను.

గున్నమ్మ ముఖము ఎఱ్ఱబారెను.

“కొట్టేసింది మీరమ్మా. మేం చోటుంచాం.”

“చోటా?”

“చెయ్యి బోర్లించి ఆగాడు చూశావే, అదే చోటు. మా వంశంలో కోడలి పేరు ఎక్కాలంటే పుట్టింటోళ్లు ఒక్కసారైనా సారె పట్టుకుని గడప తొక్కాలి. సారె రాని కోడలి పేరు ఎక్కితే పుట్టినిల్లు చచ్చిందని చాటినట్టు. బతికున్న అన్నని చంపుతామా? ఆయన రాలేదు. ఆయన కొడుకూ రాలేదు. ఇన్ని తరాలూ ఆగి ఆగి చదువుతున్నాం. ఇప్పుడు నువ్వొచ్చావు. ఉత్తచేతుల్తో వచ్చి ఆడపిల్ల పేరు అడుగుతున్నావు!”

ఆగ్నెస్‌కు తాను చెఱిపివేత యని తలచినది నిరీక్షణమని యప్పుడు తెలిసెను. ముదుసలి రేపు వేకువను వెడలిపోవును. తానును సముద్రము దాటిపోవును. మఱి మూడేండ్లకు ఆ కంఠము మిగులునా యనునది ఎవరు చెప్పగలరు? ఆ యింటి కోడలిగా జూడిత్ పేరు ఆతని యెదలో తప్ప భూమిమీద వేఱెచ్చటను లేదు.

“నేడే సారె తెచ్చినచో చదువుదురా?” అని యామె మెల్లగా నడిగెను.

భావనయ్య కన్నులు దెఱచెను. “పొద్దు గూకేలోపు తే తల్లీ. మొదట్నించీ మళ్లీ చదవాలి. మధ్యలో పట్టుకుంటే రాదు నాకు.”

గున్నమ్మ మనుమరాలు రత్తాలు పదునాఱేండ్ల పిల్ల. అత్తింటివారు సారెలో వ్రేలు పెట్టరాదని నానమ్మ కసరినను పొరుగింటి రోలు చూపుటలో తప్పులేదని వాదించి ఆగ్నెసును వెంటబెట్టుకొనిపోయెను. కోమటియింట దొరసాని తానే బియ్యమును బెల్లమును పసుపుకుంకుమలును దెచ్చెను. నానిన బియ్యమును తానే దంచెను. అరచేతులు పొక్కెను.

“రోకలి పట్టుకున్నావా, కలం పట్టుకున్నావా అత్తా?” అని రత్తాలు ప్రక్కన గూర్చుండి పకపక నవ్వెను. అత్తా యను నా పిలుపునకు ఆగ్నెస్ చేతిలోని రోకలి ఒకక్షణము గాలిలో నిలిచెను.

చలిమిడి యయ్యెను. చీర కావలెను. వీథిలో నే మగ్గమునొద్ద నడిగినను “మా చీర మాకే తెస్తావా? బలేదానివే!” అని నవ్విరి. సాలెపల్లెలో నేసిన ప్రతిబట్టయు అత్తింటిబట్టయే గదా! ఆగ్నెస్ పడవకు బరుగిడి వెంట దెచ్చుకొన్న పయనపుపెట్టె యడుగున కర్పూరపుబిళ్ళలనడుమ మడిచియుంచిన తల్లి పెండ్లినాటి తెల్లపట్టుశాలువను దెచ్చెను. ఆమెకు పుట్టింటిదని చెప్పదగిన వస్తువు అదియొక్కటియే. రత్తాలు దానిని జూచి నాలుక కఱచుకొనెను.

“అమ్మో! సారెలో తెల్లగుడ్డా! వితంతువు అనుకున్నావా మా నరసన్న పెళ్లాన్ని?”

“నాయొద్ద నింకేమియు లేదే!”

పిల్ల ఒకింత యాలోచించి పసుపు తడిపి శాలువ నాలుగుకొసలను ముంచెను. పెండ్లిలో వధూవరుల తెల్లబట్టలకును అట్లే పసుపు పెట్టుదురు. పరదేశపుబట్ట నాలుగుమూలలనుండియు మెల్లమెల్లగా పచ్చనగుచుండ ఆగ్నెస్ కలలోనిదానివలె చూచుచు నిలిచెను.

పుట్టింటివారు బయటినుండి నడచి రావలయును. కావున ఆమె ఏటిగట్టునకు దిగి సారెపళ్లెరము నెత్తిపై బెట్టుకొని అపరాహ్ణపుటెండలో వీథివెంట నడచి వచ్చెను. మగ్గములు ఒక్కొక్కటిగా నిలిచెను. మగ్గపుగుంటలలో గూర్చుండి నేయువారు లేచి గుమ్మములలోనికి వచ్చిరి. గున్నమ్మ గడపవద్ద చెంబుతో నీళ్లుపోసి ఆ మేజోళ్లు విప్పిన తెల్లనిపాదములను గడిగెను.

“ఇంతాలస్యమా? దారి మర్చిపోయారనుకున్నాం!” అని యామె నిష్ఠురమాడెను. రెండువందలయేండ్ల మాటను నిన్నటిమాటవలె ననెను.

భావనయ్య మరల మొదటినుండి యెత్తుకొనెను. కంఠము అలసియుండెను. నడుమ రెండుమారులు దగ్గు వచ్చి పాట తెగునో యని యందఱును భయపడిరి. నరసన్న పేరు వచ్చినంతనే అతడు చేయి నేలపైకి దీసికొనిపోయి మధ్యలో నిలిపి ఆగ్నెస్ వైపు దిరిగెను.

“ఇంటిపేరు చెప్పు తల్లీ.”

“హాలోవే” అని యామె పలికెను. ఆ పరదేశపుపేరు అతని చెవికి బట్టుటకు మఱియొకమారు పలుకవలసివచ్చెను.

“నరసన్నకు ఇల్లాలు, హాలోవేవారి ఆడుబిడ్డ, ఓడమీద వచ్చిన కోడలు, జూడెమ్మ!”

పిదప, గురుముఖమున నేర్చియు ఎన్నడును వెలికి రానీయని మాటలు ఒకటొకటిగా వెడలెను. జూడెమ్మ ముగ్గురు కొడుకులను ఒక్క కూతును గన్నది. రాట్నమునొద్ద సన్నని నూలు దీయుటలో పాలెములో నామెకు సాటి లేరు. డెబ్బదియేండ్లు బ్రదికి మనుమలచేతులమీద గన్నుమూసినది. ప్రతి హేమంతమునను అన్న వచ్చునని యేటిగట్టునకు బోయి కూర్చుండెడిది.

ఆగ్నెస్ ఏడ్చెను. గున్నమ్మ ఆమె నోదార్చలేదు. ఆ పచ్చకొసల శాలువను దీసి చెంపల కద్దుకొని దేవునిగూటిలో నుంచి వచ్చి “లే, పోటు దిగిపోతే పడవ కదలదు” అనెను. ఆమె పయనమై నిలువగా చేటతో బియ్యము దెచ్చెను. “ఆడపడుచుని ఉత్తొడితో పంపితే మాకు తలవంపులు. పట్టు ఒడి!”

గౌనునకు కొంగెక్కడిది? ఆగ్నెస్ ముందఱి కుచ్చెళ్లను రెండుచేతుల బైకెత్తి పట్టెను. గున్నమ్మ పసుపు కలిపిన బియ్యమును అయిదుదోసిళ్లు పోసి నడుమ తమలపాకులును వక్కయు నుంచి ఇంటిబిడ్డను అత్తవారింటికి సాగనంపు విధమున నుదుట కుంకుమ దిద్దెను.

ఒకరిని మఱచుటకు ఒక్క గీత చాలును. తలచుకొనుటకో తరములన్నియు ఊపిరి నిలుపుకొని యుండవలెను. పడవ ఏటిమలుపు దిరుగునప్పటికి పడమటిదిక్కు కెంపువాఱుచుండెను. “అమ్మగారూ, ఎక్కడికండి, ఇంటికేనా?” అని సరంగు అలవాటుగా నడిగెను. ఏది యిల్లో యామెకు వెంటనే తోచలేదు. ఎదుట సముద్రపుగాలి వీచుచుండ, ఒక్కగింజయైన నీటిపాలు గాకుండ రెండుచేతులతోను ఒడిని బిగియబట్టుకొని, పసిబిడ్డ ఒడిలో నిదురించుచున్న తల్లివలె కదలక మెదలక ఆమె యట్లే కూర్చుండియుండెను.