కొండ కూడా ‘అండీ’ అంటుంది

ఒక ఆకు రాలింది.

ఆ చప్పుడు కూడా వినబడింది. అంత నిశ్శబ్దం.

కింద మంచు. మంచు కింద మహానగరం — దుప్పటి ముసుగేసుకుని, లేవనని మారాం చేస్తున్నట్టు.

నగరం అంచున అడవి కొండ. చెట్ల మధ్య కాలిబాట. బాట మీద ఇద్దరు. ముందు రిటైరైన బస్సు కండక్టరు, వెనక ఆయన భార్య, పంతులమ్మ.

ఆవిడ గొంతులో గడ్డ తీసి రెండు నెలలు. ఇక మాట్లాడవచ్చని పోయిన వారమే చెప్పాడు డాక్టరు. ఆవిడే పెదవి విప్పలేదు. ఒక్క కేకతో బడినంతా కూర్చోబెట్టిన గొంతు... ఇప్పుడు పిలిస్తే రాకపోతే?

అందుకని చప్పట్లు. ఒకటంటే సరే. రెండంటే వద్దు. మూడంటే నోరు మూసుకోండి.

ఇంట్లో మూడే ఎక్కువ మోగుతాయి.

"ఓసారి ఇక్కడ నిలబడి ఈల వేశానా," అంటున్నాడాయన ఎక్కుతూ, "కింద బస్సులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రెండో ఈల వేసేదాకా ఒక్కటి కదిలితే ఒట్టు."

ఆగాడు. ‘కోతలు కొయ్యకండి’ అనే మాట కోసం.

ఆకులు గలగలమన్నాయి. అంతే.

అబద్ధానికైనా కాదనే మనిషి ఉంటేనే రుచి. రెండు నెలలుగా ఆయన కోతలన్నీ చప్పనివే.

బండ వచ్చింది. ఎదురుగా లోయ, లోయకు అవతల కొండ రెండో భుజం. పిలిస్తే పలికే చోటు.

"ఏమోయ్" అని అరిచాడు.

...ఓయ్, అంది కొండ.

"చూశావా, దీనికి నేనంటే లెక్కే లేదు."

ఆవిడ పిలిస్తే అలా కాదు. ఏమండీ, అని ఆవిడ. ...అండీ, అని కొండ. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి విని, కండక్టరు చొక్కా సర్దుకున్నాడు. బస్సులో అందరూ ‘ఓయ్ కండక్టర్’ అనేవాళ్ళే. జన్మలో ఆయన్ని ‘అండీ’ అన్నది ఇద్దరు — ఆవిడ, ఈ కొండ.

"నీ గొంతు ఎక్కడికీ పోలేదే. ఈ కొండే దాచుకుంది. అడిగితే ఇచ్చేస్తుంది."

రెండు చప్పట్లు.

"సరే, నేను చూడన్లే."

లోయ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

గాలి ఆగింది.

వెనక ఏదో... ఊపిరి. ఊపిరిలో సగం మాట.

లేక ఆకేనేమో. హారన్ల మధ్య బతికిన చెవులు — వాటినేం నమ్ముతాం.

"ఏమన్నావ్—" అనబోయాడు.

మూడు చప్పట్లు.

లోయ అవతల నుంచి మరో మూడు. కొండ కూడా నోరు మూసుకోమంది.

మూసుకున్నాడు. చొక్కా పై గుండీ పెట్టుకుని, నిలబడ్డాడు.

మంచులో, ఎక్కడో అవతల, ఒక ఆకు రాలింది.

...అండీ, అన్నట్టుగా.