యూదా పత్రిక రెండో అధ్యాయం

నా తమ్ముడు వరప్రసాదం సైన్యంలో సిగ్నల్స్ హవల్దారు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఆత్మకూరు చర్చిలో వాక్యం చదివేవాడు. పంతొమ్మిది వందల తొంభై ఏడులో అతన్ని ఉద్యోగం నుంచి తొలగించారు. ఆనాటి నుంచి చివరి బెంచీలో తల వంచుకుని కూర్చునేవాడు. దేశరహస్యం పోగొట్టినవాడని ఊరంతా నమ్మింది.

ఆ ఏడు మన సైన్యమూ ఒక మిత్రదేశపు సైన్యమూ కలిసి విన్యాసాలు చేస్తూ, తమ కంప్యూటర్లను ఒకే లైనుతో కలిపాయి. ప్రతి ఉదయం మన అధికారి పాస్‌వర్డ్ నిర్ణయించి, రిజిస్టరులో రాసి, నకలును సీలు వేసిన కవరులో వాళ్లకు పంపాలి. మూడో రోజు ఎవరో బయటివాడు పాస్‌వర్డ్ ఊహించి లోపలికి చొరబడ్డాడు. ఆ అధికారి మేజర్ రామనారాయణ. ఉదయగిరి పెద్ద రైతు జనార్దనయ్య కొడుకు, ఎనిమిదో తరగతిలో నా విద్యార్థి. ఆ రోజు తనకు జ్వరమనీ, పాస్‌వర్డ్ తన కింద పనిచేసే వరప్రసాదమే పెట్టాడనీ, అది అందరికీ తెలిసిన బైబిలు వచనమనీ వాంగ్మూలమిచ్చాడు. కవరు అడిగితే మిత్రదేశం ముందు పరువు పోతుందని విచారణ అక్కడితో ముగించారు.

తమ్ముడు ఆ తొలగింపు ఉత్తర్వును చదవకుండానే ట్రంకుపెట్టె అడుగున దాచాడు. ఏడాది తరువాత అది నా చేతికి చిక్కింది. రిజిస్టరులోని పాస్‌వర్డ్ అందులో ఉంది: యూదా 2:26. కవరు తెరవమని ఆ మధ్యాహ్నమే సైనిక కార్యాలయానికి రాశాను. ఆ అర్జీ నకలు ఢిల్లీలోని మిత్రదేశపు రాయబారికి పంపాను. తరువాత ఉదయగిరి బస్సెక్కాను.

రామనారాయణ సెలవులో ఉన్నాడు. “ఏంది టీచరమ్మా, ఇంత ఎండలో? తమ్ముడికి సిఫారసా?” అని నవ్వాడు.

“కాదురా, పాఠం అప్పజెప్పించుకునేదానికి వచ్చినాను. యూదా పత్రిక, రెండో అధ్యాయం, ఇరవయ్యారో వచనం. చదువు.”

బైబిలు అతని ఒళ్లో పెట్టాను. పేజీ తిప్పగానే ప్రకటన గ్రంథం వచ్చింది. వెనక్కి తిప్పాడు. మళ్లీ ముందుకు.

“రెండో అధ్యాయం ఏదీ?”

“లేదు. ఆ పత్రికకు ఉండేది ఒకటే అధ్యాయం, ఇరవై అయిదు వచనాలు. మా సండేస్కూలు పిల్లకాయల్ని అడిగినా చెప్తారు. వరప్రసాదం అయితే ఉండే వచనం పెట్టుండేవాడు. ఇది బైబిలు తెరవనోడు తరువాత రిజిస్టరులో మార్చి రాసిన రాత. కవరు తెరవమని రాసినాను.”

అతను బైబిలు మూశాడు. “వద్దు టీచర్. అది తెరిస్తే మా నిరోష పేరు...” అని ఆగిపోయాడు.

“కూతురి పేరా పెట్టినావు? మీ క్యాంపులో తెలియనోడు ఎవడు?”

“తప్పయిపోయింది. ఆ అర్జీ వాపసు తీసుకోండి టీచర్.”

“నువ్వు మా వాడికిచ్చిన గడువే నీకూ ఇస్తాను,” అని బైబిలు తీసుకుని బస్సుకు నడిచాను. అతను ఇచ్చిన గడువు సున్నా.

నాలుగు నెలల తరువాత ఆ మూడు రోజుల కవర్లూ తెరిచారు. మూడింటిలోనూ అతని చేతిరాతే, ఒకే పేరు. తొలగింపు రద్దయింది. రామనారాయణ మీద కోర్టు మార్షల్ విచారణ మొదలైంది.

క్షమించమని పాస్టరుగారు చెప్పారు. క్షమించలేదు. ఆ ఆదివారం వాక్యభాగం నేనే ఎంచాను. వరప్రసాదం యూదా పత్రిక మొత్తం చదివి, ఇరవై అయిదో వచనం దగ్గర పుస్తకం మూశాడు. కొడుకు తరఫున నన్ను బతిమాలడానికి వచ్చిన జనార్దనయ్య, చివరి బెంచీలో తల వంచుకుని కూర్చున్నాడు. ముందుకు రమ్మని నేను పిలవలేదు.