ఊడిరాని పట్టీ

ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషికి కూతురు కారు పాఠాలు చెబితే ఎలా ఉంటుంది? గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు ఉంటుంది. తాతకు అలాగే ఉంది. మనవడు బుడంకాయకు రెండేళ్ళు నిండినా, కారు వెనకభాగంలో వాడి పిల్లల సీటును కూతురు ఇంకా వాడి మొహం వెనక్కి ఉండేలానే బిగించింది.

“వాడికి కనబడేదేముందమ్మా, సీటు గుడ్డ తప్ప! ముందుకు తిప్పితే నాలుగు బళ్ళయినా చూస్తాడు కదా.”

“పసివాళ్ళకి ఒంటిని బట్టి చూస్తే తల బరువెక్కువ నాన్నా. మెడేమో లేత. ముందుకు కూర్చోబెడితే, బండి దేన్నైనా గుద్దినప్పుడు ఒళ్ళు పట్టీల్లో ఆగిపోయి తలొక్కటే విసురుగా పోతుంది. ఇలా ఉంటే తలనీ వీపునీ సీటే కాస్తుంది.”

“నా చేతిలో బండి ఏనాడైనా దేన్నైనా గుద్దిందా?”

“మీరు గుద్దరు. ఎదుటివాడు ఊరుకోవాలిగా!”

తాత తాళాలు తీసుకుని, మనవణ్ణి ఎత్తుకుని బయటికి నడిచాడు.

డే కేర్‌కి వెళ్ళే దారిలో బుడంకాయ కాళ్ళు తన్నుకుంటూ ఏడుపు లంకించుకున్నాడు. తాత ఒక సందులో బండి ఆపాడు. ఇప్పుడు తిప్పేసి సాయంత్రం మళ్ళీ మామూలుగా పెట్టేస్తే కూతురికి తెలిసేదేముంది అనుకున్నాడు. పిల్లవాణ్ణి ముందు సీట్లో దించి, వాడి సీటును కారుకు బిగించిన పట్టీ పట్టుకుని లాగాడు. రాలేదు. నొక్కాడు, గుంజాడు, తిట్టాడు. గోరు విరిగింది గానీ పట్టీ బిగించిన చోటే ఉంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ పట్టీ ముందు తాత మొండితనం కూడా చాల్లేదు. “సాయంత్రం చెబుతా నీ పని!” అని సీటును బెదిరించి, పిల్లవాణ్ణి మళ్ళీ అందులోనే కూర్చోబెట్టి కట్టేశాడు.

రెండో మలుపులో ఒక సామాన్ల వ్యాను గేటులోంచి చూసుకోకుండా వెనక్కొచ్చి రోడ్డుకు అడ్డం నిలిచింది. తాత బ్రేకు మీద నిలబడ్డాడు. అయినా గుద్దుకుంది.

తర్వాత చప్పుడు లేదు. వెనక ఏడుపూ లేదు. తాత వెనక్కి తిరగబోయాడు. తల తిప్పుదామంటే మెడలో కత్తి దిగినట్టయింది. “ఒరే బుడంకాయ్! పలకరా నాన్నా!” దారిన పోయే ఆవిడెవరో పరుగెత్తుకొచ్చి వెనక తలుపు తీసింది.

“తాతా, బూటు పడిపోయింది,” అన్నాడు బుడంకాయ.

తాత స్టీరింగు పట్టుకునే బావురుమన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు పిల్లవాణ్ణి పైనుంచి కిందిదాకా పరీక్షించి, గీత కూడా పడలేదన్నాడు. తాత మెడకు మాత్రం గట్టి కాలర్ తగిలించాడు. “ముదురు మెడ కాబట్టి ఇంతటితో పోయింది. బాబు కూడా మీలాగే ముందుకు తిరిగి కూర్చుని ఉంటే...” అని, మిగతాది మింగేశాడు.

ఆ మింగేసిన మాట తాతకు పూర్తిగా వినిపించింది. పొద్దున ఆ పట్టీ ఊడొచ్చి ఉంటే? బల్ల మీద కూలబడ్డాడు.

అంతలో కూతురు పరుగున వచ్చింది. కొడుకును గుండెకు హత్తుకుని, తండ్రి చెయ్యి కళ్ళకద్దుకుని ఏడ్చింది. “ఇష్టం లేకపోయినా నా మాట విన్నారు నాన్నా. నా బిడ్డని నాకు దక్కించారు.”

కాదని తల ఊపబోయాడు తాత. మెడ కదల్లేదు.

“పొద్దున సీటు ముందుకు తిప్పుదామని పట్టీ విప్పబోయానమ్మా,” అన్నాడు. “నా చేతికి రాలేదు.”

కూతురి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. పట్టుకున్న చెయ్యి వదిలేసి, బుడంకాయ మెడ మీద అరచెయ్యి వేసుకుని అలాగే నిలబడిపోయింది.